ఎడమ చెవిలో నూకరత్నం

బుధవారం

గాలి సరిపోయింది. నీళ్లు సరిపోయాయి. నాలుగో సొరంగంలో వడపోత గుడ్డ మార్చాను. సలహా పెట్టె పాడైంది.

ఈ పుస్తకంలో గాలి సంగతి తప్ప మరొకటి రాయకూడదని మేనేజరు శర్వాణి గారు మొదట్లోనే చెప్పారు. కానీ సలహా పెట్టె పాడైతే జనం ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు. అరిస్తే గాలి ఎక్కువ ఖర్చవుతుంది. కాబట్టి ఇదీ గాలి సంగతే.

పెట్టె పూర్తిగా ఆగిపోలేదు. ఎవరు ఏమడిగినా 'ఉల్లిపాయల ఎగుమతి: నిన్న, నేడు, రేపు' అనే పాడ్‌కాస్టు వినమంటోంది. పిల్లల కథలు అడిగినా అదే, భక్తి అడిగినా అదే. భూమి నుంచి వచ్చిన పాడ్‌కాస్టులు మా నిల్వలో లక్షల్లో ఉన్నాయి. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవాళ్లు లేకపోతే వాటిలో ఏది ఏదో తెలియదు. సాయంత్రానికి ఊళ్లో సగం మంది ఉల్లిపాయల గురించి వింటున్నారు. కొంతమందికి నచ్చడం మొదలైంది. దానికే నాకు భయమేసింది.

అంగారకుడి మట్టి కింద తవ్విన ఈ ఊరిని అందరం పుట్ట అనే అంటాం. ఇక్కడ రెండు చెవులూ మూసుకోవడం నేరం. గాలి లీకైతే మోగే గంట ఒక చెవికైనా వినబడాలి. పైగా ఓడలో వచ్చిన హెడ్‌ఫోన్లు జనంలో సగానికే సరిపోయాయి. అందుకని ఒక్కో జతను విడదీసి ఇద్దరికి పంచారు, కుడిది ఒకరికి, ఎడమది మరొకరికి. వాళ్లిద్దరూ ఒక జోడీ. పుట్టలో ఏ మూల ఉన్నా ఇద్దరికీ వినబడేది ఒకటే. ఒకరు గొణిగితే రెండోవారి చెవిలో పడుతుంది.

నా జోడీ నూకరత్నం. పుట్టగొడుగుల గది చూసుకుంటుంది. కుడి చెవి ఆమెది, ఎడమ చెవి నాది. పదకొండేళ్లయింది.

గురువారం

గాలి మామూలే. శర్వాణి గారు పిలిపించారు.

"గవరయ్య గారూ, ఇక్కడ అందరికంటే ఎక్కువ రకాల పాడ్‌కాస్టులు విన్నది మీ జోడీయే. భూమి నుంచి ఓడ వచ్చేదాకా జనానికి సలహాలు మీరు చెప్పండి."

"నూకరత్నం చెబుతుందండీ. ఏది వినాలో చూసి పెట్టేది తనే."

"ఆవిడ ఒక్కొక్కరికి ఒక పూట చెబుతారు. క్యూ కదలదు. మీరైతే రెండు ముక్కల్లో తేలుస్తారు."

నిజమే. నూకరత్నం దేన్నీ వారానికి మించి వినదు, అందుకే అన్ని రకాలూ విన్నాం. నేను బడికి వెళ్లింది ఐదో తరగతి వరకు. పంపు విప్పడం, రక్తపోటు, మొగలుల కాలం నాటి పన్నులు, తిమింగలం నిద్రపోయే పద్ధతి, అన్నీ ఎడమ చెవిలోంచి లోపలికి వచ్చినవే.

నేను లేవబోతుంటే ఆవిడ ఇంకో మాట చెప్పారు. ఓడలో కొత్త పెట్టె వస్తోంది. అది జోడీలన్నీ కొత్తగా కడుతుంది. ఎవరికి ఏ రకం పాడ్‌కాస్టు ఇష్టమో ఒక్కటి చెప్పాలి. అదే ఇష్టం ఉన్నవాళ్లలోంచి జోడీని వెతికి ఇస్తుంది.

"నూకరత్నం గారు నేర పరిశోధన అని చెప్పేశారు. జోడీ మారడానికి ఎదురు చూస్తున్నానన్నారు. మీకు చెప్పలేదా?"

"ఊఁ" అన్నాను.

మూడో పంపు దగ్గర కూర్చుని బోల్టులు తుడుస్తుంటే చెవిలో నూకరత్నం గొంతు వచ్చింది.

"ఏటి గవరయ్యా, తెలిసిందేటి?"

"ఊఁ."

"అదిగో! అదే! ఆ ఊఁ తప్ప నీ నోట్లోంచి ఇంకోటి రాదు. తిమింగలం నయం, నాలుగు కూతలైనా కూస్తుంది. హంతకుడు వంటవాడు అని నేనంటే, కాదు అల్లుడు అని నాతో పోట్లాడే మనిషి కావాలి నాకు. నువ్వసలు వింటన్నావో, చెవిలో అది పెట్టుకుని పంపులో తల పెట్టేస్తన్నావో, నాకేటి తెలుస్తుంది?"

చెప్పవలసింది చాలా ఉంది. "గాలి చూడాలి" అన్నాను.

శుక్రవారం

గాలి మామూలే. పంపుగది బయట క్యూ. వచ్చినవాళ్ల మాటలు సరిగ్గా వినబడాలని, వాళ్లున్నంతసేపూ చెవిలోది తీసి జేబులో పెట్టుకుంటున్నాను.

మొదట వచ్చిన జోడీ క్షురకుడు సింహాద్రి, బడిలో లెక్కలు చెప్పే కామాక్షమ్మ గారు. సింహాద్రికి క్రికెట్ కావాలి. కామాక్షమ్మ గారికి ధర్మాధర్మ విచారణ కావాలి.

"ఈయన క్రికెట్ పెడితే పాఠం మధ్యలో నా చెవిలో జనం కేకలు వేస్తారు బాబూ. పిల్లలు తప్పు లెక్క చేసినప్పుడే సరిగ్గా చప్పట్లు మోగుతాయి."

"మరి ఆవిడ పెట్టేది వింటా గడ్డం గీస్తంటే, ఈ గడ్డం ఎవరిది, ఈ నేను ఎవరు అని చెయ్యి ఆగిపోతంది. కస్టమరు సగం గడ్డంతో కూచుంటన్నాడు!"

కాసేపు ఆలోచించి, 'అంపైరు గారి సాయంకాలం' వినమన్నాను. రిటైరైన అంపైరు ఒకాయన తానిచ్చిన తీర్పుల్లో ఏది న్యాయం, ఏది అన్యాయం అని రోజుకొకటి తలుచుకుంటాడు.

"బాగుంటుందా?" అన్నారు కామాక్షమ్మ గారు.

"ఔటని చెప్పే ముందు ఆ ముసలాయన దగ్గుతాడండీ. తీర్పు ఆ దగ్గులోనే ఉంటుంది. మిగిలిందంతా మన మొహమాటం కోసం చెబుతాడు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సాయంత్రం సింహాద్రి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "దగ్గాడు బాబూ! దగ్గాడు!" అని చెప్పి వెళ్లిపోయాడు.

శనివారం

గాలి మామూలే. అప్పలకొండ, ఆమె భర్త తాతబ్బాయి వచ్చారు. మొగుడూ పెళ్లాం ఒకే జోడీగా ఉన్నది పుట్టలో వీళ్లిద్దరే. పొరపాటున పడ్డారని శర్వాణి గారు ఇప్పటికీ బాధపడతారు.

"ఈయనకి దయ్యాల కథలు కావాలి. అవి వింటే నాకు సొరంగంలో నడవాలంటే కాళ్లు రావు."

"దీనికి ఇల్లు సర్దుకోడం కావాలి. మా గది ఆరడుగులు. అందులో ఏం సర్దుతావే?"

'పాత ఇంటి మరమ్మతు' వినమన్నాను. అందులో మేస్త్రీ ఒకాయన ఊరూరా తిరుగుతాడు. ఒక ఇంట్లో రాత్రిపూట మెట్ల మీద ఎవరో నడిచిన చప్పుడు. ఇంకో ఇంట్లో తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. కాసేపటికి ఆయన పైపు విప్పి చూపించి, ఇదీ కారణం అంటాడు.

"పైపు కనబడే దాకా ఈయనది, కనబడ్డాక ఆవిడది" అన్నాను. "గోడ పగలడం పెద్ద విషయం కాదు. ఎందుకు పగిలిందో అడగకుండా పడుకోడమే పెద్ద విషయం. ఆ మేస్త్రీ అడుగుతాడు."

తాతబ్బాయి నావైపు అదోలా చూశాడు. "గవరయ్యా, నీకు ఇన్ని మాటలొచ్చా?"

నాకు సిగ్గేసింది. తర్వాత వచ్చిన వాళ్లకు పేరు చెప్పి ఊరుకుందామనుకున్నాను. కానీ వాళ్లు ఆ రెండు ముక్కల కోసమే వస్తున్నారు. వంట కావాలన్న వెల్డరుకి 'పులుసులో ముక్క' చెప్పాను. "ఆవిడ ఉప్పు ఎంత వెయ్యాలో చెప్పదు, ఎప్పుడు భయపడాలో చెబుతుంది" అన్నాను. వాడు చేతులు జోడించి వెళ్లాడు.

సోమవారం

గాలి బాగానే ఉంది. బాగానే ఉందని తేలడానికి మూడు గంటలు పట్టింది.

నిన్న పెద్దతలుపు కాపలా జోడీ వచ్చింది. జగ్గారావు భూమ్మీద పుట్టినవాడు. అతని జోడీ నివేదిత ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, పోయినేడే ఉద్యోగంలో చేరింది. డ్యూటీ దిగాక నిద్ర పట్టడం లేదన్నారు. నిద్రపుచ్చే పాడ్‌కాస్టులు బోలెడు. 'పెంకుల మీద వాన' చెప్పాను. రాత్రంతా వాన చప్పుడే, మాటలుండవు. నాకది చాలా ఇష్టం.

తెల్లవారుజామున జగ్గారావు హాయిగా గుర్రు పెడుతున్నాడు. నివేదిత జన్మలో వాన వినలేదు. ఆ పిల్లకి తెలిసిందల్లా ఒకటే, నీళ్లు కారుతున్న చప్పుడు వస్తే ఎక్కడో పైపు పగిలినట్టు. అందులోనూ ఇంత చప్పుడు వస్తోందంటే పెద్ద ట్యాంకే పగిలినట్టు. లేచి గంట కొట్టింది.

ఊరంతా మాస్కులు తగిలించుకుని పెద్ద సొరంగంలో నిలబడింది. నేను అతుకుల సంచీ భుజాన వేసుకుని ట్యాంకు చుట్టూ తిరిగాను. చుక్క తడి లేదు.

"ఎక్కడ కారుతోందమ్మా?" అన్నారు శర్వాణి గారు.

నివేదిత చెవిలోది తీసి ఆవిడకి ఇచ్చింది. "వినండి మేడమ్. ఇంకా కారుతోంది!"

శర్వాణి గారు విన్నారు. ఆ చెవిలోది మరొకరికి, వాళ్లు ఇంకొకరికి ఇచ్చారు. భూమ్మీద పుట్టిన వాళ్లు కొందరు మాస్కుల్లోనే కళ్లు తుడుచుకున్నారు. ఇక్కడ పుట్టిన వాళ్లు ఎందుకేడుస్తున్నారో అర్థంకాక బిక్కమొహం వేశారు. జగ్గారావు మాత్రం అప్పటికీ లేవలేదు.

"ఇది ఎవరి సలహా?" అన్నారు శర్వాణి గారు.

చెయ్యెత్తాను. మిగతా సలహాల సంగతి వేరు. ఇది పూర్తిగా నా సొంతం.

బుధవారం

గాలి మామూలే. నూకరత్నం పంపుగదికి వచ్చింది. పదకొండేళ్లలో చెవిలోకి తప్ప గదిలోకి రాలేదు. చేతులకి ఇంకా పుట్టగొడుగుల మట్టి ఉంది.

"పొద్దున్న సింహాద్రి పుట్టగొడుగులకి వచ్చి ఏటన్నాడో తెలుసా? తీర్పు దగ్గులోనే ఉందని గవరయ్య చెప్పాడంట. ఆహా ఏం మనిషి, ఏం మాట అని పొంగిపోతన్నాడు. ఆ మాట ఎవరిది?"

"నీది."

"గోడ పగలడం మాట?"

"నీది."

"ఉప్పు, భయం?"

"అదీ నీదే."

"ఎప్పుడన్నాను నేను?"

"దగ్గు సంగతి పోయినేడు, కొత్త తట్టలు కడుగుతున్నప్పుడు. మధ్యలో తుమ్మావు. గోడ సంగతి నీకు జ్వరం తగ్గిన మర్నాడు. ఉప్పు సంగతి మూడుసార్లు అన్నావు. మూడోసారి బాగా అన్నావు."

నూకరత్నం బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. ఆమె మాట్లాడకుండా ఉండడం నేను అప్పుడే చూశాను. బాగోలేదు.

"అయితే వింటన్నావన్నమాట."

"ఊఁ."

"విని నా మాటలు ఊరందరికీ పంచి నువ్వు పేరు కొట్టేస్తన్నావు."

"కాదు."

"ఏటి కాదు?"

"నాకు వేరే మాటలు లేవు" అన్నాను. "ఒకటి సొంతంగా చెప్పాను. ఊరంతా మాస్కులేసుకుంది."

ఆమెకు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "అయినా నేను మారిపోతాను గవరయ్యా. విన్నావు, సంతోషం. విని లోపల దాచుకుంటే నాకేటి లాభం? గోడకి చెప్పుకున్నట్టే కదా? ఆ గోడకి జ్ఞాపకశక్తి ఉంటే ఉండనీ."

గురువారం

గాలి మామూలే. నూకరత్నం 'తలుపు తీసిందెవరు' పెట్టింది. జమీందారు విషంతో చచ్చిపోయాడు. పాలు తెచ్చింది వంటవాడు.

"వీడే" అంది చెవిలో. "పాలు పెట్టి వెనక్కి తిరిగి చూడలేదు. తప్పు చేసినోడు చూడడు."

నేను పంపు ఆపి, గొంతు సవరించుకున్నాను. "కాదు."

"ఏటీ?"

"వంటవాడు కాదు. అల్లుడు. పాలు చల్లారాయని చెప్పింది అల్లుడే. తాగకుండా చల్లారాయని అతనికెలా తెలుసు?"

అటువైపు ఏదో కింద పడిన చప్పుడైంది. పుట్టగొడుగుల బుట్ట అయి ఉంటుంది. తర్వాత ఇద్దరం ఎపిసోడు అయ్యేదాకా కొట్లాడుకున్నాం. అల్లుడి బూట్లకు మట్టి ఎందుకు లేదని ఆమె. బూట్లు మార్చుకుని ఉంటాడని నేను. కొత్త బూట్లు కరవవా, కరిస్తే కుంటడా అని ఆమె. మా గొడవలో హంతకుడి పేరు చెప్పిన చోటు ఇద్దరం వినలేదు. వెనక్కి తిప్పి వింటే చంపింది తోటమాలి. మా ఇద్దరికీ అసలు తోటమాలి ఉన్నాడన్న సంగతే గుర్తులేదు.

"తప్పు చెప్పావు గవరయ్యా" అంది ఆమె సంతోషంగా.

"నువ్వూ."

కింద పడ్డవి ఏరి బుట్టలో వేసుకుంటున్న చప్పుడు వచ్చింది. తర్వాత ఆమె మెల్లగా అంది: "నేర పరిశోధన అని పేరిచ్చేశాను కదా. మార్చుకోడానికి వీల్లేదంట, అడిగాను. స్టోరు దుర్గారావు కూడా నేర పరిశోధనే అన్నాడు. నన్ను అతనితోనే కడతారని అంతా అంటన్నారు."

దుర్గారావు ప్రతిదానికీ కాదు అంటాడు. గుడ్ మార్నింగ్ అన్నా కాదు అంటాడు. ఆమె కోరుకున్న మనిషే.

నేను కూడా నేర పరిశోధన అని చెబితే? పుట్టలో ఆ ఇష్టం ఉన్నవాళ్లు డెబ్బై మందికి పైనే ఉన్నారు. పెట్టె నన్ను ఎవరితో కడుతుందో ఎవరికి తెలుసు? ఈ రాత్రి వడపోత గుడ్డలు రెండుసార్లు ఉతికాను. మొదటిసారే శుభ్రమయ్యాయి.

ఆదివారం

గాలి మామూలే. ఓడ దిగింది. కొత్త పెట్టెని పెద్ద సొరంగంలో పెట్టారు. ఆడగొంతు, చాలా మర్యాద. ఊరంతా క్యూలో నిలబడింది. నూకరత్నం పంట కోతలో ఉంది, రాలేదు. ఆమె ఇష్టం ముందే చెప్పేసింది కదా. మా చెవుల్లోవి ఇంకా పాత జతవే.

నా వంతు వచ్చింది.

"నమస్కారం గవరయ్య గారూ. మీకు ఇష్టమైన విభాగం చెప్పండి. హాస్యం, చరిత్ర, విజ్ఞానం, వంట, ఆరోగ్యం, భక్తి, క్రీడలు, నేర పరిశోధన..."

"నూకరత్నం" అన్నాను.

"ఆ పేరుతో విభాగం లేదు. కార్యక్రమమా?"

"ఊఁ... అవునండీ."

వెనక దుర్గారావు ఉన్నాడు. "కాదు! అది పాడ్‌కాస్టు కాదు, మనిషి! పుట్టగొడుగుల మనిషి!"

పెట్టె అతన్ని పట్టించుకోలేదు. "నా జాబితాలో ఈ కార్యక్రమం లేదు. కొత్తగా చేర్చాలంటే వివరాలు కావాలి. ఎపిసోడ్లు క్రమంగా వస్తాయా?"

"ఆగితే కదండీ."

క్యూలో నవ్వులు. నా చెవులు వేడెక్కాయి. ఎడమ చెవిలో పుట్టగొడుగులు కోస్తున్న కత్తెర చప్పుడు ఆగిపోయింది. ఆమె వింటోంది.

"శ్రోతలు ఎంతమంది?"

"ఒక్కడే."

"ఇతరులు దీన్ని ఎందుకు వినాలో దయచేసి సిఫారసు చెప్పండి."

పది రోజులుగా ఊరందరికీ చెప్పిన పనే. ఈసారి అరువు తెచ్చుకోడానికి మాటలు లేవు. ఆమె గురించి ఆమె ఎప్పుడూ ఏమీ అనలేదు. సొంతంగా చెప్పాలి.

"అన్ని విభాగాలూ ఇందులోనే వస్తాయండీ" అన్నాను. "నేరం ఉంటుంది, హంతకుణ్ణి మాత్రం ఎప్పుడూ తప్పే చెబుతారు. ఆరోగ్యం ఉంటుంది, ముఖ్యంగా మోకాలు. చరిత్రలో రాజుల కంటే వాళ్ల వంటవాళ్ల గురించి ఎక్కువ వస్తుంది. హాస్యం ఉంటుంది, కానీ ఆవిడ కోపంగా ఉన్నప్పుడే. ప్రకటనలుండవు. శనివారం కాస్త ఎక్కువ సేపు. పంపు చెడిపోయి ఒక్కణ్ణే సొరంగంలో పడుకుని మరమ్మతు చేసేటప్పుడు విన్నాను. అమ్మ పోయిందని భూమి నుంచి కబురొచ్చిన రోజు విన్నాను. ఆ రోజు చింతకాయ పచ్చడి గురించి చెప్పారు. చాలా బాగుంది. ఎవరైనా వినొచ్చు."

క్యూలో నవ్వులు ఎప్పుడు ఆగాయో నేను చూసుకోలేదు. శర్వాణి గారు కాగితాల్లోకి తల దించుకున్నారు.

పెట్టె కొంచెం ఆలోచించింది. "చేర్చాను. ఈ కార్యక్రమం ప్రస్తుతం మీ జత కుడి చెవి నుంచి మాత్రమే ప్రసారమవుతోంది. మరే జతలోనూ దొరకదు. కాబట్టి మీ ఇష్టానికి తగిన జోడీ ఇదొక్కటే. ఖరారు చేస్తున్నాను. తర్వాతి వారు రండి."

దుర్గారావు ముందుకొచ్చి, ఇది అన్యాయమని, కానే కాదని, ఒప్పుకోనని అన్నాడు. పెట్టె అతనికి వాదోపవాదాల విభాగం కేటాయించింది.

నేను గోడ పక్కకి వచ్చి నిలబడ్డాను. చెవిలో కత్తెర కింద పెట్టిన చప్పుడు. తర్వాత ముక్కు చీదిన చప్పుడు.

"శనివారం కాదు" అంది. "ఆదివారం ఎక్కువ."

"కాదు. శనివారమే."

మంగళవారం

గాలి మామూలే. రెండో పంపు మోత తగ్గింది. కొత్త పెట్టె బాగా పనిచేస్తోంది. నా దగ్గరికి ఎవరూ రారనుకున్నాను. కానీ వచ్చారు.

సింహాద్రి వచ్చాడు. "బాబూ, కొత్త జాబితాలో 'నూకరత్నం' అని ఉంది. మా జతలోకి కూడా ఇప్పించమని పెట్టెని అడుగుదామనుకుంటన్నాను. ఎలాగుంటుంది?"

"మొదట్లో పర్వాలేదు" అన్నాను. "తర్వాత సాగదీస్తారు."

మధ్యాహ్నం వెల్డరు వచ్చి అదే అడిగాడు. అదే చెప్పాను. సాయంత్రం దుర్గారావు కూడా వచ్చాడు. అతనికి ఇంకొంచెం గట్టిగా చెప్పాను. ముగ్గురూ వేరేది చూసుకుంటామని వెళ్లిపోయారు.

దుర్గారావు అడుగుల చప్పుడు దూరమయ్యాక చెవిలో గొంతు వచ్చింది.

"నేను సాగదీస్తానా?"

"లేదు. వాళ్లు రాకూడదని అలా అన్నాను."

"ఏం, వస్తే నీకేటి? ముగ్గురూ నీకంటే బాగా మాట్లాడతారు."

"అందుకే" అన్నాను.